తిరుగు మేళం

ఏందమ్మా అది, నీ ఫోన్లో మోగేది? ఆపొద్దు, ఆపొద్దు. నేనేం విసుక్కోవడం లేదు. నువ్వు మేడ మీద అద్దెకు దిగినప్పటి నుంచి చూస్తానే ఉండా, ఆదివారం వచ్చిందంటే చాలు ఇదే మోత. అడుగుదామంటే నీకు బ్యాంకు, నాకు మంచం, ఇద్దరికీ తీరిక కుదరలా. కూర్చో వైష్ణవమ్మా. ఆ కుర్చీ వద్దు, దానికి నా మాదిరే ఒక కాలు పనిచెయ్యదు, ఇటు అరుగు మీద కూర్చో. ఏమంటివి, జాజా? తెలుసులే తల్లీ. అంత నిదానంగా విడమరిచి చెప్పే పన్లేదు. ఇప్పుడు ఊదేది క్లార్నెట్, అవునా? చూడు, ఎట్ల నోరు తెరిచినావో. దాని వెనకాల డ్రమ్ము విను. దెబ్బ పడాల్సిన చోటికి వచ్చి, ఒక రవ్వ ఆగి, అప్పుడు పడతాంది. పొరపాటు కాదది, కావాలనే ఆపుతాడు. ఆ ఆగడం నేర్చుకునేదానికి నాకు రెండేండ్లు పట్టింది. నవ్వుతావేంది? మార్కాపురంలో పలకలు, ఎండలు తప్ప ఇంకేం ఉండవనుకున్నావా గుంటూరు పిల్లా? నలభై ఏండ్లు సైడ్ డ్రమ్ము కొట్టినా నేను. మస్తాన్ బ్యాండ్ అంటే గిద్దలూరు నుంచి దోర్నాల దాకా తెలుసు. ఇప్పుడీ డీజే పెట్టెలొచ్చినాక మమ్మల్ని పిలిచే దిక్కు లేదు గానీ, అప్పట్లో ముహూర్తాలప్పుడు మా కోసం పెండ్లి తేదీ మార్చుకున్నోళ్ళు ఉండారు. సరే, నా గొప్పలు ఎందుకులే. మస్తాన్ బ్యాండ్ అనేది తర్వాత మాట. మొదట అది జాకబ్ బ్యాండ్. నాకు ఈ జాజ్ నేర్పినోడు జాకబన్న. ఆయన పోయి నలభై ఏండ్లు కావస్తాంది. ఆయనకు నేను చేసింది ఎవరికీ చెప్పలా, మా ఇంటామె బతికుండంగా ఆమెకూ చెప్పలా. నువ్వీ ఊరి దానివి కాదు, రేపు ట్రాన్స్‌ఫర్ అయితే పోయేదానివి. నీకు చెప్పొచ్చేమో. చూద్దాం, ఎంతవరకు చెప్తానో.

జాకబన్నది దొనకొండ. వాళ్ళ నాయన రైల్వేలో గ్యాంగు కూలి. దొనకొండంటే ఇప్పుడు నీకు ఏమీ కనపడదు గానీ, ఆ రోజుల్లో ఇంజన్ షెడ్డు, గార్డులు, డ్రైవర్లు, వాళ్ళ బంగళాలు, అదొక చిన్న సీమ. చట్టకారోళ్ళు ఉండేవాళ్ళు, దొరలకీ మనోళ్ళకీ పుట్టినోళ్ళు. శనివారం వచ్చిందంటే రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో డాన్సు. చెక్క నేల వేసి ఉండేదంట, దాన్ని మైనం రుద్ది నున్నగా తుడిచేది జాకబన్న పని. పన్నెండేండ్లో పదమూడేండ్లో ఉండాయంట అప్పుడు. తుడిచినాక పొమ్మంటే పోకుండా కిటికీ దగ్గర నిలబడేటోడు. ఆల్బర్ట్ దొర అని ఒక గూడ్స్ గార్డు, ఆయన క్లార్నెట్ ఊదేటోడు. ఒకనాడు ఆ దొర చూసినాడు, ఈ పిల్లోడు కిటికీ చువ్వ మీద వేళ్ళు ఆడిస్తాండాడని. పిలిచి చేతికిచ్చినాడంట. జాకబన్న ఆ దొర మాదిరి మాట్లాడి చూపిస్తే మేము పొట్ట పట్టుకునేవాళ్ళం. ‘ఏయ్ మాన్, నిన్న ఊదింది ఈరోజు మల్లీ ఎందుకు ఊదుతావ్? నిన్న నువ్వు వేరే, ఈరోజు నువ్వు వేరే. అన్నం రోజూ అదే తినొచ్చు, పాట తినకూడదు మాన్.’ అదీ ఆ దొర తెలుగు. గ్రామఫోన్ రికార్డులు పెట్టి వినిపించేటోడంట. తర్వాత ఆ చట్టకారోళ్ళంతా ఒక్కొక్కరే ఆస్ట్రేలియాకు ఓడెక్కినారు. ఆల్బర్ట్ దొర పోతా పోతా రికార్డులు తీసుకుపోయినాడు, క్లార్నెట్ మాత్రం జాకబన్న చేతిలో పెట్టినాడు. ఎందుకు ఇచ్చినాడో అడగలేదా అన్నా అంటే, ‘అడిగితే వెనక్కి తీసుకుంటాడని నోరు మూసుకున్నానురా’ అన్నాడు.

నేను బ్యాండులో చేరింది అరవై ఎనిమిదిలో. అప్పటికి మనది కర్నూలు జిల్లా. కంభం రోడ్డులో సైకిల్ షాపు వెనక గది, అదే మా బ్యాండు గది. ఎర్ర కోట్లు ఏడు, చిలక్కొయ్యలకు వేలాడేవి, చెమట కంపు. మేము దూదేకులోళ్ళం, మా నాయన ఊరూరా తిరిగి విల్లు పట్టి పరుపుల దూది ఏకేటోడు. నేను ఆ విల్లు శబ్దంలో పెరిగినోణ్ణి. జాకబన్న నా చెయ్యి చూసి, ‘ఈ చెయ్యి ఎవరిదిరా?’ అన్నాడు. మా నాయనదన్నా అన్నా. అప్పుడు కూర్చోబెట్టి చెప్పినాడు. అమెరికాలో కింది పక్క న్యూ ఆర్లియన్స్ అని ఒక రేవు పట్నం ఉందంట. ఆఫ్రికా నుంచి నల్లోళ్ళని గొలుసులు వేసి ఓడల్లో తెచ్చి అమ్మినారంట, మన సంతలో గొర్రెల్ని అమ్మినట్టు, పండ్లు చూసి, కండ పట్టి చూసి. వాళ్ళ చేత చేయించింది ఏందనుకుంటావ్? పత్తి. వాళ్ళు పత్తి ఏరినారు, మీ నాయన దూది ఏకినాడు, ఇంక నీకు కొత్తగా నేర్పేదేముంది, కొట్టరా, అన్నాడు. ఆ మాటకు నాకు ఎంత బలం వచ్చిందో చెప్పలేను. పదో క్లాసు మూడుసార్లు తప్పినోణ్ణి నేను, అంతవరకు ఏ మనిషీ నన్ను నీకు ఇది వచ్చురా అనలా.

ఆ పత్తి చేలల్లో ఒకడు ఒక మాట అంటాడంట, మిగతా వాళ్ళంతా జవాబిస్తారంట. మన కలుపు తీసే ఆడోళ్ళు పాడరూ, ఒకామె ఎత్తుకుంటే మిగతా వాళ్ళు అందుకుంటారు, అదే. బాధ చెప్పేటప్పుడు ఒకే మాట రెండుసార్లు చెప్పి, మూడోసారి దానికి ముగింపు చెప్తారంట. స్వరాల్లో మూడోదాన్ని, ఏడోదాన్ని ఒక రవ్వ కిందికి వంచుతారు. జాకబన్న ఊది చూపించేటోడు, ‘ఏడిచే మనిషి గొంతు ఎక్కడ జారుతుందో అక్కడ జార్చాలరా’ అని. వాళ్ళకు డోళ్ళు కూడా లేకుండా చేసినారంట దొరలు, డోలు కొడితే తిరగబడతారని భయం. ఒక్క ఆ పట్నంలో మాత్రం ఆదివారం పూట ఒక మైదానంలో ఆడుకోనిచ్చినారంట. తర్వాత ఏదో పెద్ద యుద్ధం జరిగి, అది అయిపోయినాక పటాలం బాకాలు, డ్రమ్ములు పాత సామాన్ల అంగట్లో చవగ్గా దొరికినాయంట. ఇంకేముంది, చేలో పాట బాకాలోకి ఎక్కింది. అదీ జాజ్ పుట్టింది. మొదట్లో అందరూ ఒకేసారి ఎవరి దారిన వాళ్ళు ఊదేది, ఐనా కొట్లాట అయ్యేది కాదంట. తర్వాత పదిహేను మంది, ఇరవై మంది కోట్లు తొడుక్కుని డాన్సు కోసం ఊదేది వచ్చింది, దొనకొండలో చట్టకారోళ్ళు ఎగిరింది దానికే. ఆ తర్వాత నలుగురైదుగురు చేరి ఎవరూ ఎగరలేనంత వేగంగా ఊదేది వచ్చింది. జాకబన్నకు అది నచ్చేది కాదు. ‘ఊళ్ళో జనానికి అక్కర్లేని వాయిద్యం ఎంత గొప్పదైతే ఏంది’ అనేటోడు. అనేటోడు గానీ, ఒంటరిగా ఉన్నప్పుడు అదే ఊదుకునేటోడు, నేను తలుపు వెనక నిలబడి విన్నా. సినిమా పాట ఒప్పుకున్న చోట కూడా ఊరుకునేటోడు కాదు. పల్లవి ఉన్నదున్నట్టు ఊది, రెండోసారి దాన్ని తీసుకుని ఎటో పోయేటోడు, మళ్ళీ సరిగ్గా నా దెబ్బ దగ్గరికి వచ్చి కలిసేటోడు. బేస్తవారిపేటలో ఒక పెండ్లికొడుకు మేనమామ రోడ్డు మీద ఆపి, ‘ఏమయ్యా, పాట మర్చిపోయినావా, మధ్యలో ఏందేందో కలుపుతాండావు?’ అన్నాడు. ‘మర్చిపోలేదు సామీ, గుర్తు చేసుకుంటాండా’ అన్నాడు జాకబన్న. ఆ మేనమామకు అర్థం కాలా. నాకూ అప్పుడు కాలా.

ఇంక అసలు మాటకొస్తా. ఆ న్యూ ఆర్లియన్స్‌లో మనిషి చచ్చిపోతే బ్యాండు పెడతారంట. శ్మశానానికి పోయేటప్పుడు అడుగులో అడుగు వేసుకుంటా, ఏడుపు పాట. సమాధి చేసి, పిడికెడు మన్నిచ్చి, ఇంక ఆ మనిషిని వదిలేసినాం అనుకున్నాక, తిరిగి వచ్చేటప్పుడు సంతోషం పాట. గొడుగులు ఎగరేసుకుంటా, ఎగురుకుంటా వస్తారంట జనం. మన దగ్గర అట్ల యాడుంది? శవం ముందర మేళం పోతుంది, అక్కడితో సరి. తిరిగి వచ్చేటప్పుడు డ్రమ్ము మీద వేలు తగలకూడదు, వెనక్కి చూడకూడదు, నీళ్ళు పోసుకుని ఇంట్లోకి రావాల. అందుకే నేనడిగినా, ‘చచ్చిపోతే సంతోషమేంది అన్నా, మతి ఉండే చేసేదేనా?’ అని. ‘బతికినన్నాళ్ళు వాళ్ళ ఒళ్ళు వాళ్ళది కాదురా. చచ్చిపోయినాక ఇంక ఎవడూ కొరడా తీసుకుని రాలేడు. దానికి సంతోషపడకపోతే దేనికి పడాల?’ అన్నాడు. మన ఊళ్ళో అది జరుగుతుందని నేననుకోలా.

జాకబన్న భార్య కోటమ్మ. ఆమె తమ్ముడు నాగులు, పలకల ఫ్యాక్టరీలో కోత మిషను మీద పనిచేసేటోడు. నీకు తెలవదు, ఆ మిషను దగ్గర దుమ్ము ఎట్లుంటుందో. సాయంత్రానికి మనిషి పిండిలో దొర్లి లేచినట్టు బయటికి వచ్చేవాడు, కండ్లు రెండే కనపడేవి. పదేండ్లు పనిచేస్తే దగ్గు, పన్నెండేండ్లకు ఎగూపిరి. డాక్టర్లు టీబీ అని సూదులు వేసేవాళ్ళు, అది టీబీ కాదని అందరికీ తెలుసు, ఎవరూ అనేవాళ్ళు కాదు. నాగులు ముప్పై నాలుగేండ్లకు పోయినాడు. చివర మూడు నెలలు పడుకోలేకపోయినాడమ్మా, పడుకుంటే ఊపిరాడదు, గోడకు దిండు పెట్టి కూర్చునే నిద్ర. కోటమ్మ పక్కన కూర్చుని తమ్ముడి వీపు రుద్దేది. ఆ పిల్లోణ్ణి పూడ్చిపెట్టినాం. మన్నిచ్చి గేటు దాటి వచ్చినాం. అంతవరకు అందరూ మామూలే. జాకబన్న ఆగినాడు. క్లార్నెట్ తీసి ఊదినాడు. అయ్యో, ఎట్ల చెప్పేది నీకు. ముందర అందరం బిత్తరపోయినాం. పాస్టరు కూడా నోరు తెరిచి నిలబడినాడు. జాకబన్న నా వైపు చూసి కనుబొమ్మలు ఎగరేసినాడు, కొట్టు అని. కొట్టినా. కోటమ్మ చెంగుతో ముఖం తుడుచుకుని, నలుగురి ఎదురుగా అనింది, ‘ఇంక నా తమ్ముడు దగ్గడు’ అని. అని చప్పట్లు కొట్టింది తల్లీ. ఏడుస్తానే చప్పట్లు కొట్టుకుంటా ఇంటిదాకా నడిచింది. ఆమె వెనకాల ఫ్యాక్టరీ కూలోళ్ళంతా నడిచినారు. దగ్గేవాళ్ళు దగ్గుకుంటానే నడిచినారు.

ఆ తర్వాత అది పాకింది. పలకల కూలోళ్ళ ఇండ్లల్లో ఎవరు పోయినా జాకబ్ బ్యాండే రావాల, రెండు దిక్కులా వాయించాల. తిరుగు మేళం అని వాళ్ళే పేరు పెట్టుకున్నారు. జాకబన్న దానికి ఏమీ తీసుకునేవాడు కాదు. పోయేటప్పటిది మేళగాని పని, వచ్చేటప్పటిది పని కాదు అనేటోడు. ఎనిమిదేండ్లలో ఎంతమందికి వాయించినామో, లెక్క పెట్టుకునే పని కాదది. కొందరి వయసు మాత్రం మర్చిపోలేను, ముప్పై ఒకటి, ఇరవై తొమ్మిది. ఊళ్ళో పెద్దోళ్ళు ముందర ఛీ అన్నారు. అరిష్టం, శ్మశానం నుంచి మేళంతో వచ్చేదేంది, ఊరికి కీడు అన్నారు. అట్ల ఛీ అన్నోళ్ళకే, మెల్లగా ఇంకో బాధ మొదలయింది. కూలోడికి రెండు దిక్కులా మేళం, మనకు ఒక దిక్కేనా అని. అట్లుంటది మన ఊరి సంగతి. అరిష్టమైనా సరే, పక్కోడికి ఉండేది మనకు లేకపోతే ఎట్ల?

ఎనభై ఒకటో, ఎనభై రెండో. నాగులు పనిచేసిన ఫ్యాక్టరీ పెద్ద సావుకారి పోయినాడు. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు లేదులే, ఎప్పుడో అమ్ముకున్నారు. ఎనభై ఏండ్ల మనిషి, రాత్రి పెరుగన్నం తిని పడుకుని నిద్రలోనే పోయినాడు. కొడుకు ప్రభాకరరావు, ఆయనకు హోదా పిచ్చి. ఒంగోలు నుంచి, కర్నూలు నుంచి పెద్ద పెద్దోళ్ళు వస్తాండారు, తండ్రిని సాగనంపేది గొప్పగా ఉండాల. పొద్దున్నే వాళ్ళ మనిషి బ్యాండు గదికి వచ్చినాడు. జాకబన్న లేడు, కోటమ్మకు జ్వరమని ఆసుపత్రికి తీసుకుపోయినాడు. నేనొక్కణ్ణే ఉండా. ‘రెండు దిక్కులా వాయించాలంట, అయ్యగారు మరీ మరీ చెప్పినాడు’ అన్నాడు. సరే అని చెప్పినా. ఎవరిని అడిగి చెప్పినా? ఎవరినీ అడగలా. అంత పెద్ద ఇల్లు మా గది తలుపు తట్టిందనే సంబరం. నా నోరే నాకు శత్రువు, అప్పుడూ ఇప్పుడూ. జాకబన్న వచ్చినాక, చెప్పకుండా అటు తిప్పి ఇటు తిప్పి అడిగినా, ‘అన్నా, సావుకారికి తిరుగు మేళం వాయిస్తే ఎట్లుంటుంది?’ అని. ఆయన క్లార్నెట్ మూతికి పెట్టే రీడు తడుపుకుంటాండాడు. తల ఎత్తలా. ‘ఎవరి బాధ తీరిందని ఊదాల మస్తానూ? వాళ్ళింట్లో ఎవరన్నా దగ్గినారా? నేను నాగులుకు ఊదింది ఆయనకూ ఊదితే, నాగులుకు ఊదింది ఏమయిపోతుంది?’ అన్నాడు. అప్పుడన్నా చెప్పాల కదా, ఒప్పుకున్నానన్నా అని? చెప్పలా. ఆయనకు నా మీద కోపం వస్తుందని భయం. అక్కడికి పోయినాక అంతమంది ముందర కాదంటాడా, ఊదుతాడులే అనుకున్నా. నా తెలివి అట్ల ఏడిచింది.

పోయేటప్పుడు బ్రహ్మాండంగా ఊదినాడు జాకబన్న. పని అంటే పనే ఆయనకు, ఎవరిదైనా. చితికి నిప్పు పెట్టినారు. అందరూ గేటు దగ్గర కొళాయి కింద కాళ్ళు కడుక్కుంటాండారు. ప్రభాకరరావు తడి పంచెతోనే వచ్చి, ‘ఊఁ, కానీండి’ అన్నాడు. జాకబన్న నా వైపు చూసినాడు. ఆ చూపులోనే తెలిసిపోయింది ఆయనకు. నన్నేం అనలా. అందరి ముందరా నన్ను ఒక్క మాట అనలా తల్లీ. ప్రభాకరరావు వైపు తిరిగి, ‘అయ్యా, అది మా వాళ్ళకు మేము చేసుకునేది. తమకు తగదు’ అన్నాడు. మర్యాదగానే అన్నాడు. ‘మా నాయనకు తగదా? నీ కూలి నాయాళ్ళకు తగిందా?’ అని లేచినాడు ఆయన. కార్ల దగ్గర ఉండే ఒంగోలు పెద్దమనుషులు ఇటు తిరిగి చూస్తాండారు. ఆయనకు ఇంకా ఉడికింది. ‘పెట్టుకో నోట్లో’ అన్నాడు. జాకబన్న పెట్టుకున్నాడు. క్లార్నెట్ నోట్లో పెట్టుకుని, వేళ్ళు రంధ్రాల మీద పెట్టి, నిలబడినాడు. ఊదలా. ‘ఊదు’ అన్నాడు. ఊదలా. ముక్కుతో ఊపిరి తీసుకుంటా అట్లనే నిలబడినాడు. ఎంతసేపో. కొళాయి నీళ్ళు పోతానే ఉండాయి, ఎవరూ కట్టలా. వాళ్ళ డ్రైవరు పక్క నుంచి వచ్చినాడు. క్లార్నెట్ అడుగున అరచేత్తో ఎత్తి గుద్దినాడు. పై పండ్లు నాలుగు. శబ్దం నాకు వినబడింది. జాకబన్న ముందుకు వంగి, నోరు రెండు చేతులతో మూసుకున్నాడు, వేళ్ళ సందుల్లో నుంచి రక్తం. ప్రభాకరరావు ఆయన్ని చూడలా, మమ్మల్ని చూసినాడు. ‘మీరేంది బొమ్మల్లాగ? కొట్టండి’ అన్నాడు. ఆరు మంది ఉండాం. మిగతా ఐదుగురూ నా వైపు చూసినారు, దెబ్బ నాతోనే మొదలవ్వాల కదా. నేను మొదలుపెట్టినా. నేనే. బాకా వాడు అందుకున్నాడు, పెద్ద డ్రమ్ము అందుకుంది. నాగులుకు కొట్టిన దెబ్బే, అదే నడక. అట్ల కొట్టుకుంటా ఊళ్ళోకి వచ్చినాం. జాకబన్న కొళాయి దగ్గర కూర్చుని నోరు పుక్కిలించుకుంటాండాడు. నేను వెనక్కి చూడలా. శ్మశానం నుంచి వచ్చేటప్పుడు చూడకూడదు కదా, అందుకని చెప్పుకున్నా నాకు నేను.

ముందర పండ్లు లేకపోతే క్లార్నెట్ పట్టు ఉండదమ్మా. కట్టుడు పండ్లు పెట్టించుకున్నాడు, ఊదితే కదిలేవి. ఆర్నెల్లు చూసి వదిలేసినాడు. కోట్లు, డ్రమ్ములు, గది తాళంచెవి అన్నీ నా దగ్గరికి పంపినాడు, కోటమ్మ చేత. ఆయన రాలా. సైకిల్ షాపతను బోర్డు మీద జాకబ్ తుడిపి మస్తాన్ రాయించమంటే, రాయించినా. జాకబన్నకు వేరే ఏ పనీ రాదు. యాభై దాటబోతాండాడు. యాడికి పోయినాడో ఊహించు. పలకల పనికే. పలకలకు చెక్క చట్రాలు కొట్టే పని ఇస్తామన్నారంట, ఆ గదిలోనే కోత మిషను. కుర్రోళ్ళకు పన్నెండేండ్లు పట్టేది, ఆయనకు ఐదేండ్లకే ఎగూపిరి వచ్చింది. ఒకసారి పోయినా నేను చూడటానికి, ఒకే ఒక్కసారి. గోడకు దిండు పెట్టుకుని కూర్చుని ఉండాడు. గుక్క తిప్పుకోకుండా పల్లవి మొత్తం ఊదిన మనిషి, నా పేరు పిలిచేదానికి మధ్యలో ఆగినాడు. మస్... తానూ, అని. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉంటే, వేళ్ళు కదులుతాండాయి. ఏం ఊదుతాండావన్నా అని అడుగుదామనుకున్నా. క్షమాపణ అడగటానికే పోయినా తల్లీ, ఇంటి నుంచి ఆ మాట తయారు చేసుకునే పోయినా. మీ ఇంటి ముందర కాలవ బాగు చేయించినారే అన్నా. టీ తాగి వచ్చేసినా.

ఎనభై ఎనిమిది, మాఘమాసం. ప్రభాకరరావు కూతురి పెండ్లి. అవును, ఆయనకే ఒప్పుకున్నా. ఆయన ఇంట్లో ఏ పని అయినా మేమే వాయించేవాళ్ళం, ఆ పొద్దు తర్వాత మేమంటే ఆయనకు చానా ఇష్టం. ఆ పొద్దున నేను కోటు గుండీలు పెట్టుకుంటా ఉంటే కోటమ్మ గది తలుపు దగ్గరికి వచ్చింది. జాకబన్న తెల్లవారుజామున పోయినాడంట. ఆమె ఏడవలా. ‘మస్తానన్నా, బ్యాండంతా వద్దు. నువ్వొక్కడివి వచ్చి డ్రమ్ము కొట్టు చాలు’ అనింది. నేనేమన్నానో తెలుసా? ‘పెండ్లి మేళం ఒప్పుకున్నానమ్మా, ఈ చేత్తో చావు కాడికి వస్తే వాళ్ళకు అశుభం’ అన్నా. ఉండేదే ఆ కట్టుబాటు, నేను కల్పించింది కాదు. కానీ నేను దాని వెనకాల దాక్కున్నా. ‘సరే అన్నా’ అని పోయింది. పది గంటలప్పుడు ఎదుర్కోలు. పెండ్లికొడుకు వాళ్ళను విడిది నుంచి తీసుకొస్తాండాం, కంభం రోడ్డు మీద. నేను ముందర నడుస్తాండా. ఎదురుగా శవం వస్తాంది. పెట్టె, మోసేవాళ్ళు నలుగురు, పాస్టరు, ఇంకో పది మంది. మేళం లేదు. పెండ్లి మేళానికి శవం ఎదురైతే ఆపాల కదా. చెయ్యి ఎత్తినా, ఆపినాం. డ్రమ్ము చంకలో పెట్టుకుని రోడ్డు పక్కకు జరిగినాం. పెండ్లివారు ముఖాలు తిప్పుకున్నారు. పెట్టె నాకు ఇంత దూరంలో, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో పోయింది. నడిచేవాళ్ళ కాళ్ళ చప్పుడు తప్ప రోడ్డు మీద ఏమీ లేదు. కోటమ్మ నా ముఖం చూడలా. నా చేతుల్లో పుల్లలు చూసింది. చూసి, నడుచుకుంటా పోయింది. అది మలుపు తిరిగేదాకా ఆగినాం. ప్రభాకరరావు వెనక నుంచి, ‘పోయింది కదా, ఇంక కానీ మస్తానూ’ అన్నాడు.

కొట్టినా.

ఏందీ? జాకబన్న కోసమే కొట్టినట్టు అనుకోవచ్చు కదా అంటావా? శవం పోయినాక సంతోషం మేళం, సరిగ్గా ఆయన చెప్పినట్టే జరిగింది కదా అనా? నీ మనసు మంచిది తల్లీ. నేనూ చానా ఏండ్లు అట్లనే అనుకోవాలని చూసినా. కుదరలా. పెండ్లికే కొట్టినా నేను. పెండ్లికొడుకు వాళ్ళ నాయన నా భుజం తట్టి, ఇంత బాగా కొట్టేటోణ్ణి మా వైపు చూడలా అన్నాడు. నిజమే. ఆ పొద్దు నా చెయ్యి ఒక్క చోట కూడా తప్పలా.

కొళాయి వదిలినట్టుండారు. పో, బిందెలు పెట్టుకో, మళ్ళీ మూడు రోజులు నీళ్ళు రావు.